పెరడు చాలు: ఆకాశాన్ని ఫోటో తీయడం మొదలుపెట్టేవాళ్లతో కాసేపు

వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా అండి? సరే. మొదలుపెట్టే ముందు ఒక మాట, నా కెమెరాని ట్రైపాడ్ మీద పెట్టి ఇప్పుడే బయట వదిలేసి వచ్చాను, లోపలికి ఎందుకు తేలేదో మధ్యలో చెప్తాను, నేను మర్చిపోతే మీరే గుర్తు చేయండి.

ఈ పని మొదలుపెడదామనుకునేవాళ్లు నన్ను మొట్టమొదట అడిగేది ఎప్పుడూ ఒకటే, ఏ టెలిస్కోప్ కొనుక్కోమంటారు అని. ఏదీ వద్దంటాను, ఇప్పుడప్పుడే వద్దంటాను. లెన్స్ మార్చుకునే కెమెరా ఒకటి, అది పదేళ్ల పాతదైనా సరే, దాంతో వచ్చిన లెన్సో లేకపోతే ఒక 50 ఎంఎం లెన్సో, గాలికి ఊగని ట్రైపాడ్, వేలితో ముట్టుకోకుండా వరసగా ఫోటోలు తీసిపెట్టే ఇంటర్‌వాలోమీటర్ (ఇది చాలా కెమెరాల్లో లోపలే ఉంటుంది, ఓసారి మెనూ అంతా వెతకండి), అంతే, ఇంకేమీ అక్కర్లేదు. వీటితో ఒక ఏడాది నిండా పని ఉంటుంది. టెలిస్కోప్ ఎందుకు వద్దంటున్నానంటే, అది చుక్కని ఎంత దగ్గరికి తెస్తుందో మన తప్పుల్ని కూడా అంతే దగ్గరికి తెస్తుంది, చెయ్యి కొంచెం వణికినా, ఫోకస్ వెంట్రుకవాసి జరిగినా, నేల కదిలినా అన్నీ కనిపిస్తాయి. పైగా టెలిస్కోప్ కంటే దాన్ని మోసే మౌంట్ ముఖ్యం, ఆ సంగతి తెలియక ముందే కొన్నవాళ్ల టెలిస్కోపులు ఎన్నో మూలన పడి ఉండటం నేను చూశాను, నాకు చాలా బాధేస్తుంది అది చూస్తే, ఎందుకంటే వాళ్లు సామాను మీద విసిగి ఆకాశాన్నే వదిలేశారు.

ఇంకో మాట కూడా తరచూ వింటాను, మా ఇంటి చుట్టూ అన్నీ లైట్లేనండి, మాకు కుదరదు అని. దానికి నాకు ఎప్పుడూ కామన్ అనే ఒకాయన గుర్తొస్తాడు, కథ మాత్రం ఆయనకి కాస్త ముందు మొదలవుతుంది. 1880 సెప్టెంబర్ 30న అమెరికాలో హెన్రీ డ్రేపర్ అనే డాక్టర్ ఒరాయన్ నక్షత్రాల గుంపులో ఉన్న నెబ్యులాని (నెబ్యులా అంటే ఆకాశంలో మబ్బులా వెలిగే వాయువూ ధూళీ) 51 నిమిషాల ఎక్స్‌పోజర్‌తో, అంటే అంతసేపు వెలుతురు పడనిచ్చి, ఫోటో తీశాడు, ఒక నెబ్యులాని ఫోటో తీయడం అదే మొదటిసారి. ఆ తర్వాత మూడేళ్లు తిరక్కుండానే, 1883 జనవరిలో, లండన్ పక్కన ఈలింగ్‌లో ఆండ్రూ ఐన్‌స్లీ కామన్ అనే ఇంజనీరు అదే నెబ్యులాని తీస్తే, అదే టెలిస్కోప్‌లో కన్ను పెట్టి చూసినా కనబడని చుక్కలు ఆ ప్లేటు మీద (అప్పట్లో ఫిల్మ్ బదులు వాడిన గాజు పలక) పడ్డాయి. మనిషి కంటికి అందనిది ఫోటోకి అందిందని అలా తేలింది. 1884లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయనకి గోల్డ్ మెడల్ ఇచ్చింది. ఆయనది ఏ అబ్జర్వేటరీలో ఉద్యోగమూ కాదు, 36 అంగుళాల అద్దం పెట్టుకుని తన ఇంటి తోటలో తీసిన ఫోటో అది. అంటే ఈ విద్య కుర్రతనంలోనే పెరట్లో పెరిగింది అన్నమాట.

కామన్ ఫోటోలో జరిగింది అర్థమైతే మిగతాదంతా అర్థమైనట్టే. మన కన్ను వెలుతురుని దాచుకోదు, వచ్చింది వచ్చినట్టు చూసి వదిలేస్తుంది, పది నిమిషాలు రెప్ప వేయకుండా చూసినా మసక చుక్క ప్రకాశవంతం అవదు. ప్లేటు గానీ మన కెమెరాలో వెలుతురుని పట్టే సెన్సార్ గానీ చుక్క చుక్కా కూడబెడుతుంది. మనం చేసే పని ఫోటో తీయడం కంటే వెలుతురుని పోగుచేయడం అనుకోండి, వాన చినుకుల కింద గిన్నె పెట్టినట్టు. గిన్నె ఎంత వెడల్పు (అది లెన్స్ అపర్చర్), ఎంతసేపు పెట్టాం (అది మొత్తం ఎక్స్‌పోజర్ టైమ్), ఈ రెండే లెక్క. దీన్నిబట్టే పెరడు గొప్పది అంటాను. దూరంగా ఎక్కడికో చీకటి చోటుకి ఏడాదికి రెండుసార్లు వెళ్తాం, ఆ రెండు రాత్రులూ మబ్బు పట్టిందంటే అయిపోయింది, పెరట్లోకి మాత్రం మబ్బు విడిచిన ప్రతి రాత్రీ వెళ్లొచ్చు, నిన్న కూడబెట్టినదానికి ఇవాళ్టిది కలుపుకోవచ్చు.

సరే, గిన్నె పెట్టి వదిలేద్దామంటే ఒక చిక్కు ఉంది, భూమి తిరుగుతోంది. 23 గంటల 56 నిమిషాల్లో ఒక చుట్టు, అంటే ఆకాశం గంటకి దాదాపు 15 డిగ్రీలు జరుగుతుంది. కెమెరాని కదలకుండా పెట్టి అరనిమిషం తీస్తే చుక్కలు చుక్కల్లా ఉండవు, గీతలైపోతాయి. ఎంతసేపు తీయొచ్చో చెప్పడానికి 500 రూల్ అని ఒకటి అందరూ చెప్తారు, 500ని లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో (లెన్స్ మీద ఎంఎంలలో రాసి ఉండే అంకె) భాగించండి, అన్ని సెకన్లు తీయొచ్చు అని. సెన్సార్ చిన్నదైతే ముందు ఫోకల్ లెంగ్త్‌ని 1.5తో హెచ్చించాలి, అంటే 50 ఎంఎం కాస్తా 75 అవుతుంది, 500ని 75తో భాగిస్తే ఆరున్నర సెకన్లు దాటి వస్తుంది. నా అభిప్రాయం అడిగితే ఈ రూల్‌ని నమ్మకండి. చిన్న ప్రింట్ వేసుకునేటప్పుడు సరిపోయేదేమో గానీ ఇప్పటి సెన్సార్ల పిక్సెళ్లు చాలా చిన్నవి, ఆరున్నర సెకన్లలో చుక్క అయిదారు పిక్సెళ్లు జరిగిపోతుంది, జూమ్ చేస్తే బియ్యపుగింజలా పొడుగ్గా కనిపిస్తుంది. నేను అందులో సగం తీసుకుంటాను, 50కి 3 సెకన్లు. అది కూడా ఆకాశంలో ఎక్కడ చూస్తున్నామన్న దాన్నిబట్టి ఉంటుంది, ధ్రువ నక్షత్రం చుట్టుపక్కల చుక్కలు మెల్లగా జరుగుతాయి కాబట్టి ఎక్కువసేపు తీసినా ఏం కాదు, ఒరాయన్ నడుము దగ్గర మూడు చుక్కలు వరసగా ఉంటాయి చూశారా, అవి దాదాపు ఖగోళ మధ్యరేఖ (భూమధ్యరేఖకి సరిగ్గా పైన ఆకాశంలో ఊహించుకునే గీత) మీదుగా వెళ్తాయి, అక్కడ పరుగు అన్నిటికన్నా ఎక్కువ.

మరి 3 సెకన్లలో ఏం పోగవుతుంది అంటారా, ఏమీ అవదు. ఒక్క ఫ్రేమ్, అంటే అలా తీసిన ఒక్క ఫోటో, తెరిచి చూస్తే నెబ్యులా ఉండాల్సిన చోట గులాబీ రంగు మసక ఒకటి, దాని మీద ఇసక చల్లినట్టు గరగరగా నాయిస్, అంతే ఉంటుంది. మొదటిసారి అది చూసి చాలామంది డీలా పడిపోతారు. పడకండి, అది ఫోటో కాదు, ఫోటోకి ముడిసరుకు. అలాంటివి 400 తీయాలి. అప్పుడు సాఫ్ట్‌వేర్ వాటన్నిటినీ చుక్క మీద చుక్క పడేట్టు సర్ది ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీస్తుంది, దీన్ని స్టాకింగ్ అంటాం. నెబ్యులా ప్రతి ఫ్రేమ్‌లోనూ ఒకే చోట ఉంటుంది కాబట్టి నిలబడుతుంది, నాయిస్ ఒక్కో ఫ్రేమ్‌లో ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. ఫ్రేముల సంఖ్యకి వర్గమూలం ఎంతో నాయిస్ అన్ని రెట్లు తగ్గుతుంది, 16 తీస్తే 4 రెట్లు, 100 తీస్తే 10 రెట్లు, 400 తీస్తే 20 రెట్లు. అందుకే మొదట్లో ప్రతి పది ఫ్రేములకీ తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది, తర్వాత తర్వాత తేడా చూడాలంటే రాత్రులకి రాత్రులు కలపాలి. 400 ఫ్రేములు 3 సెకన్లవి అంటే 20 నిమిషాల వెలుతురు, మధ్యలో గ్యాప్‌లతో కలిపి అరగంట పైన పని. డీప్‌స్కైస్టాకర్, సైరిల్, ఈ రెండూ ఫ్రీ, రెండిట్లో ఏది పట్టుకున్నా పర్లేదు గానీ ఒకదాన్నే పట్టుకుని పూర్తిగా నేర్చుకోండి.

అరగంటలో ఆకాశం ఏడెనిమిది డిగ్రీలు జరిగిపోతుంది కదా, కాబట్టి 50 ఎంఎం అయితే ముందే నెబ్యులాని ఫ్రేమ్‌లో కొంచెం తూర్పు వైపుకి పెట్టి మొదలుపెడితే మధ్యలోంచి పడమటి వైపుకి జారుతుంది, ముట్టుకోనక్కర్లేదు, 135 లాంటి పెద్ద లెన్స్ అయితే ప్రతి అయిదారు నిమిషాలకీ మళ్లీ మధ్యకి తెచ్చుకోవాలి.

ఇక సెట్టింగ్స్ గబగబా చెప్పేస్తాను, ఇది రాసుకునే అవసరం కూడా లేదు. అన్నీ మాన్యువల్. ఫార్మాట్ రా (సెన్సార్ పట్టింది పట్టినట్టు దాచే ఫైలు), జేపెగ్ వద్దు, ఎందుకంటే జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లే ఉంటాయి, 14 బిట్ రాలో 16,384 ఉంటాయి, మనం తర్వాత చీకట్లో దాక్కున్నదాన్ని పైకి లాగాలి కదా, మెట్లు తక్కువైతే ఆకాశం పలకలు పలకలుగా చీలిపోతుంది. ఐఎస్ఓ, అంటే పట్టిన వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె, 1600 దగ్గర మొదలుపెట్టండి. అపర్చర్ పూర్తిగా తెరిస్తే మూలల్లో చుక్కలకి రెక్కలొస్తాయి, కాబట్టి ఎఫ్ 1.8 లెన్స్ అయితే ఎఫ్ 2.8కి మూయండి (ఎఫ్ అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది). స్టెబిలైజేషన్ ఆపేయండి, ట్రైపాడ్ మీద అది లేని కదలికని వెతుక్కుంటుంది. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ కూడా ఆపేయండి, లేకపోతే సగం రాత్రి అదే తినేస్తుంది. ఒక ఫ్రేమ్ తీసి హిస్టోగ్రామ్ చూడండి, ఫోటోలో చీకటి ఎంతో వెలుగు ఎంతో ఎడమ నుంచి కుడికి దిబ్బలా చూపే బొమ్మ అది, ఆ దిబ్బ ఎడమ గోడకి అతుక్కుపోకుండా కొంచెం విడిగా నిలబడితే చాలు.

ఫోకస్ గురించి మాత్రం గబగబా చెప్పను. ఇక్కడ ఆగుదాం. నాకు తెలిసి మొదలుపెట్టినవాళ్ల ఫోటోలు పాడయ్యేది నూటికి తొంభై పాళ్లు ఇక్కడే. ఆటోఫోకస్ చీకట్లో పనిచేయదు, లెన్స్ మీద అనంతం గుర్తు ఉంటుంది చూశారా, పడుకోబెట్టిన 8 లాంటిది, అక్కడ పెడితే అయిపోతుందనుకుంటాం, అవదు, చాలా లెన్సులు ఆ గుర్తు దాటి కూడా తిరుగుతాయి. ఏం చేయాలంటే, బాగా వెలిగే చుక్క ఒకటి ఎంచుకుని లైవ్ వ్యూలో (లెన్స్ చూసేది వెనక తెర మీద నేరుగా కనిపించే పద్ధతి) దాన్ని 10 రెట్లు పెద్దది చేయండి. మొదట రూపాయి బిళ్లంత వెలుగు కనిపిస్తుంది. ఫోకస్ రింగుని మెల్లగా తిప్పుతుంటే అది ముడుచుకుంటూ వస్తుంది, శనగగింజంత, ఆవగింజంత, సూదిమొనంత. ఇంకాస్త తిప్పితే మళ్లీ ఉబ్బుతుంది. ఉబ్బిందా, వెనక్కి రండి. అలా రెండు వైపులా దాటి వచ్చాకే సరైన చోటు తెలుస్తుంది, ఒక్క వైపు నుంచి వెళ్లి ఇదే అనుకుంటే మోసపోతాం. ఇంకో గుర్తు ఉంది, ఫోకస్ సరిగ్గా కుదిరినప్పుడు పెద్ద చుక్క పక్కన అప్పటిదాకా లేని చిన్న చిన్న చుక్కలు ఒక్కసారి పైకి తేలతాయి, చెదిరిపోయిన వెలుతురు ఒక్కచోట కూడితేనే అవి కనబడతాయి మరి. అవి కనబడ్డ క్షణం చెయ్యి తీసేసి రింగు కదలకుండా ఒక టేపు ముక్క అంటించండి. ఇప్పటికీ ఆ చిన్న చుక్కలు తేలినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఆఁ, కెమెరా బయట ఎందుకు వదిలానంటే ఇందుకే, గుర్తు చేసినందుకు థ్యాంక్స్ అండి. ఇంట్లో వెచ్చగా ఉన్న లెన్స్ బయటికి వెళ్లాక చల్లబడుతూ ఉంటుంది, చల్లబడేకొద్దీ లోపల గాజూ లోహమూ కొంచెం ముడుచుకుంటాయి, మీరు అంత కష్టపడి పెట్టిన ఫోకస్ అరగంటలో జారిపోతుంది. కాబట్టి ముందు అరగంట బయట ఉంచాలి, తర్వాతే ఫోకస్. ఆ తర్వాత కూడా గంటకోసారి చూసుకోవాలి.

దీని వెనకే మంచు సంగతి. తేమ ఉన్న రాత్రి లెన్స్ ముందు గాజు తల ఎత్తుకుని ఆకాశం వైపే చూస్తుంది కదా, దాని వేడి అంతా ఆకాశంలోకి పోయి చుట్టూ ఉన్న గాలి కంటే ఎక్కువ చల్లబడుతుంది, అప్పుడు గడ్డి మీద పట్టినట్టే దాని మీదా మంచు పడుతుంది. నా మొదటి చలికాలంలో ఒక రాత్రి ఇంటర్‌వాలోమీటర్ నొక్కి లోపలికి వెళ్లి రెండు గంటల తర్వాత వచ్చాను, లెన్స్ మీద పొగమంచు పట్టినట్టు తెల్లటి పొర. కంప్యూటర్‌లో వేసి చూస్తే మొదటి 25 నిమిషాల ఫ్రేములు శుభ్రంగా ఉన్నాయి, అక్కడి నుంచి ప్రతి చుక్క చుట్టూ చిన్న వెలుగు వలయం, అది ఫ్రేము ఫ్రేముకీ పెరుగుతూ పోయి చివరికి అంతా పాలలా అయిపోయింది. ఆ వరసని నేను ఇప్పటికీ చెరపలేదు, మంచు ఎలా మొదలవుతుందో కొత్తవాళ్లకి చూపించడానికి దానికంటే మంచి పాఠం లేదు. లెన్స్ చుట్టూ చుట్టే చిన్న హీటర్ పట్టీ దొరుకుతుంది, యూఎస్‌బీ పవర్‌బ్యాంక్‌తో నడుస్తుంది, నేను ముందు కొనమనేది ఏదైనా ఉందంటే అదే. అది లేకపోయినా పొడుగాటి లెన్స్ హుడ్ కొంత కాపాడుతుంది. గుడ్డ పెట్టి మాత్రం తుడవకండి.

లైట్ల విషయానికి వస్తే, ఆకాశం ఎంత చీకటో చెప్పడానికి జాన్ బోర్టల్ 2001లో ఒక స్కేలు రాశాడు, 1 అంటే కారుచీకటి, 9 అంటే పెద్ద నగరం నడిబొడ్డు. మీది 7 అయినా 8 అయినా పనికి అడ్డం కాదు, ఎక్కువసేపు కూడబెట్టాలి, అంతే తేడా. ఆకాశపు కాంతి అనేది ఫోటో మీద సమంగా పరుచుకున్న పొర లాంటిది, సాఫ్ట్‌వేర్‌లో దాన్ని తీసేయొచ్చు, కానీ ఆ పొర తెచ్చిన నాయిస్ మాత్రం పోదు, దాన్ని తగ్గించాలంటే ఫ్రేములే మార్గం. నాకు ఎక్కువ ఇబ్బంది అనిపించేది ఆకాశంలో వెలుగు కాదు, నేరుగా లెన్స్‌లో పడే పక్కింటి బల్బు. గోడ నీడలో నిలబడండి, ఆరేసిన దుప్పటి చాటైనా సరే. మీ ఇంటి లైట్లు మీరు ఆర్పి చూడండి, ఒక 20 నిమిషాలు కళ్లు అలవాటు పడనివ్వండి, ఫోన్ తెరవకుండా, అప్పుడు తెలుస్తుంది మీ పెరటి ఆకాశంలో ఎంత ఉందో.

కాలిబ్రేషన్ ఫ్రేముల గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. పని అయిపోయాక లెన్స్ మూత పెట్టి అదే ఐఎస్ఓ, అదే సెకన్లతో ఒక 30 తీయండి, వాటిని డార్కులు అంటాం, సెన్సార్ తనంతట తాను పుట్టించే మచ్చలు వాటిలో దొరుకుతాయి. తర్వాత లెన్స్ మీద తెల్ల గుడ్డ బిగించి, ఫోకస్ కదపకుండా, సమంగా వెలుగున్న వైపు తిప్పి ఇంకో 30, ఇవి ఫ్లాట్లు, మూలల్లో చీకటినీ సెన్సార్ మీద దుమ్మునీ ఇవి సరిచేస్తాయి. ఫ్లాట్లని చాలామంది బద్ధకిస్తారు, దయచేసి బద్ధకించకండి, లైట్లున్న ఆకాశం కింద తీసిన ఫోటోకి డార్కుల కంటే ఫ్లాట్లే ఎక్కువ ప్రాణం పోస్తాయి.

ఏం తీయాలి అంటే, మొదటిది చంద్రుడు, అందులో సందేహం లేదు. చంద్రుడి మీద ఎండ పడుతోంది, అది పట్టపగలు ఎండలో ఉన్న రాయి, కాబట్టి రాత్రి సెట్టింగ్స్ పెడితే తెల్లటి ముద్ద అవుతుంది. ఎఫ్ 11, ఐఎస్ఓ 100, సెకనులో నూరో వంతు, ఇక్కడ మొదలుపెట్టి సర్దుకోండి. పున్నమి రోజు వద్దు, ఆ రోజు ఎండ నిటారుగా పడి నీడలుండవు, ముఖం చదునుగా ఉంటుంది. సగం చంద్రుడు ఉన్న రోజు వెలుగూ చీకటీ కలిసే గీత వెంబడి చూడండి, అక్కడ గుంటల అంచులు నీడలతో లేచి నిలబడతాయి, కొన్ని చోట్ల గీత అవతల చీకట్లో ఒక్క కొండ కొన మాత్రం ఎండ తగిలి చుక్కలా వెలుగుతుంది.

రెండోది కృత్తికలు, పిల్లలకోడి అంటాం కదా, అవే. మూడోది ఒరాయన్ నెబ్యులా, ఆర్ద్ర నక్షత్రం ఒక భుజం మీద ఎర్రగా ఉంటుంది, నడుము మూడు చుక్కల కింద కత్తిలా వేలాడే చుక్కల్లో మధ్యది మసగ్గా ఉంటుంది, అదే, 1,300 సంవత్సరాల పైన ప్రయాణించి వచ్చిన వెలుతురు. మామూలు కెమెరాలో సెన్సార్ ముందుండే ఫిల్టర్ హైడ్రోజన్ ఎరుపుని, 656 నానోమీటర్ల దాన్ని, చాలావరకు ఆపేస్తుంది, అందుకే ఎర్ర నెబ్యులాలు చాలావాటికి నిరాశే ఎదురవుతుంది, ఇది మాత్రం ఎంత ప్రకాశవంతమైనదంటే ఆ ఫిల్టర్‌ని దాటి కూడా వస్తుంది. నాలుగోది ఆండ్రోమెడా గాలక్సీ, ఇది చిన్నదనుకుంటారు అందరూ, కాదు, ఆకాశంలో దాని పొడవు చంద్రుడికి ఆరు రెట్లు, మసక అంతే. 135 లెన్స్ చాలు.

ఎవరో చెయ్యెత్తారు, చెప్పండమ్మా. విమానాలూ శాటిలైట్లూ గీతలు గీస్తే ఏం చేయాలంటున్నారు. ఏమీ చేయొద్దు, ఆ ఫ్రేములు పారేయొద్దు కూడా, స్టాకింగ్‌లో సిగ్మా క్లిప్పింగ్ అని ఒక ఆప్షన్ ఉంటుంది, 400 ఫ్రేముల్లో ఒక్కదాంట్లోనే ఉన్నదాన్ని అది పరాయిదని గుర్తుపట్టి తీసేస్తుంది.

ట్రాకర్ ఎప్పుడు కొనాలి, ఇది మంచి ప్రశ్న. భూమి తిరిగే వేగంతో కెమెరాని వెనక్కి తిప్పే చిన్న మోటారు అది, దాంతో 3 సెకన్లు కాస్తా ఒకటి రెండు నిమిషాలవుతాయి. ఒకే వస్తువుని మీరు ట్రైపాడ్ మీదే నాలుగైదు రాత్రులు తీసి, స్టాక్ చేసి, ఇక ఇంతకంటే లాగలేకపోతున్నాను అనిపించిన రోజు కొనండి. అప్పుడు దాని అక్షాన్ని ధ్రువ నక్షత్రం దగ్గరికి తిప్పడంలో మీకు విసుగు రాదు, ఎందుకో తెలుసు కాబట్టి. ధ్రువ నక్షత్రం కూడా అసలు ధ్రువానికి అర డిగ్రీ పైనే పక్కన ఉంటుంది, ఆ తేడాని సరిచేయడానికి ట్రాకర్‌లో చిన్న దుర్భిణి ఉంటుంది.

సూర్యుడి గురించి అడగలేదు గానీ నేనే చెప్తాను, ముందు వైపు బిగించే సరైన సోలార్ ఫిల్టర్ లేకుండా కెమెరాని సూర్యుడి వైపు తిప్పకండి, వ్యూఫైండర్‌లో కన్ను అసలే పెట్టకండి. చూపు పోతుంది. పిల్లలున్న ఇంట్లో పగటి పూట లెన్స్ మూత తీసి వదిలేయకండి.

టైమ్ ఎంతయింది? అయితే కెమెరా బయట ముప్పావు గంట ఉన్నట్టు, చల్లబడి ఉంటుంది. ఇవాళ సగం చంద్రుడు ఉన్నాడు కాబట్టి నెబ్యులా కుదరదు, ఆ గుంటల నీడలు చూద్దాం, ఆ తర్వాత లైవ్ వ్యూలో ఒక చుక్కని పెడతాను, ఫోకస్ నేను చెడగొట్టి ఇస్తాను, ఒక్కొక్కరూ వచ్చి రింగు తిప్పండి, చిన్న చుక్కలు పైకి తేలేదాకా. ఫోన్లు జేబులో పెట్టుకుని రండి, ఆ తలుపు దగ్గర రెండు మెట్లున్నాయి, చూసుకుని దిగండి.